ఎర్ర గోలీ ఎప్పుడు, తెల్ల గోలీ ఎప్పుడు: కడుపుతో ఉన్నప్పుడు ఐరన్, కాల్షియం మాత్రలు వేసుకునే పద్ధతి

బస్తీ దవాఖానా నుంచి బయటికొచ్చే గర్భిణి చేతిలో మామూలుగా రెండు రకాల మాత్రలుంటాయి. ఎర్రది ఐరన్, తెల్లది కాల్షియం. రోజుకు ఎన్నో చెప్తారు. ఆ రెండూ ఒకదానికొకటి గిట్టవన్న సంగతి, వెనక క్యూ అంత పొడవున్న డాక్టరుకు విడమరిచి చెప్పే తీరిక ఉండదు. ఇంటికెళ్లాక మరిచిపోకుండా ఉండాలని రెండూ కలిపి రాత్రి పాలతో మింగేస్తారు. రెండు నెలలయ్యాక కూడా హిమోగ్లోబిన్ కదలకపోతే తప్పు మాత్రల మీదికి పోతుంది.

తప్పు చాలాసార్లు గడియారానిది. ఏ నెలలో మొదలుపెట్టాలి, ఏ గంటకు వేసుకోవాలి, దేనితో వేసుకోకూడదు అన్నవి సరిచేసుకుంటే అదే మాత్ర పనిచేస్తుంది. ఈ వ్యాసమంతా ఆ సంగతే. మోతాదు మార్చాలంటే మాత్రం మీ డాక్టరుదే మాట.

ముందు మీ అంకె తెలుసుకోండి

మొదటిసారి వెళ్లినప్పుడే సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష, చేయించండి. ప్రభుత్వ దవాఖానాల్లో ఉచితం. రిపోర్టులో ముందు హిమోగ్లోబిన్ చూడండి. గర్భిణికి 11 గ్రాములు, ఆపైన ఉంటే రక్తహీనత లేనట్టు. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కంటే తక్కువైతే తీవ్రం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. కాబట్టి మీ అంకె తక్కువొస్తే సిగ్గుపడాల్సిన పని లేదు, వాయిదా వెయ్యడమే కూడదు.

అదే కాగితంలో ఎంసీవీ అని ఇంకో అంకె ఉంటుంది. ఎర్ర రక్తకణం సైజు అది. 80 కంటే తక్కువుంటే ఐరన్ లోపమైనా కావచ్చు, తలసీమియా అనే వంశపారంపర్య రక్తలోపం వాహక లక్షణమైనా కావచ్చు. రెండోదైతే ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా కణం సైజు పెరగదు. హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షతో అది తేలుతుంది. మీకు ఉందని తేలితే అదే వారంలో మీ ఆయనకూ పరీక్ష చేయించాలి. ఇద్దరికీ ఉంటే బిడ్డకు దాని తీవ్ర రూపం, తలసీమియా మేజర్, వచ్చే అవకాశం ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు. ఈ పరీక్షకు మొదటి మూడు నెలలే మంచి సమయం.

ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్. 30 కంటే తక్కువైతే నిల్వ ఖాళీ అయినట్టే, హిమోగ్లోబిన్ 11.5 ఉన్నా సరే. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది. అలాంటప్పుడు చేయించకండి, డబ్బు దండగ.

ఏ నెలలో ఏది మొదలుపెట్టాలి

మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే, రోజుకు 400 మైక్రోగ్రాములు. నిజానికి దాన్ని గర్భం నిలవకముందే మొదలుపెట్టాలి, బిడ్డ వెన్నుపాము మూసుకునేది మొదటి నెలలోనే గనుక. ఇంతకు ముందు బిడ్డకు వెన్నులోపం వచ్చి ఉంటే, మీకు షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా మోతాదు చాలా పెంచుతారు. ఆ సంగతి దాచకుండా చెప్పండి.

నాలుగో నెల నుంచి ఐరన్. అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమంలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తహీనత లేకపోయినా రోజుకు ఒకటి, కనీసం 180 రోజులు. కాన్పయ్యాక మరో 180 రోజులు. స్వల్ప, మధ్యస్థ రక్తహీనత ఉంటే రోజుకు రెండు.

14 వారాలు దాటాక కాల్షియం. మాత్రకు 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి3, రోజుకు రెండుసార్లు. ఇదీ బాలింతగా ఆరు నెలల దాకా. రెండు కాల్షియం మాత్రలూ ఒకేసారి మింగితే కొంత వృథా. పేగు ఒక్క విడతలో 500 మిల్లీగ్రాముల వరకే బాగా పీల్చుకోగలదు.

నాలుగు, ఆరు నెలల మధ్య నులిపురుగుల మాత్ర ఒకటి, ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, దవాఖానాలో ఇస్తారు. కడుపులో కొంకిపురుగులు రక్తం తాగుతుంటే ఎర్ర గోలీలు పోసిన కొద్దీ కారిపోయే కుండే.

బిడ్డకు ఇందులో ఒరిగేదేమిటి

గర్భం మొత్తానికి అవసరమయ్యే ఐరన్ సుమారు 1000 మిల్లీగ్రాములు. అందులో 300 దాకా బిడ్డకు, మాయకు పోతుంది. సుమారు 500 తల్లి ఒంట్లో పెరిగే రక్తానికి, మిగతాది రోజువారీ నష్టానికి. బిడ్డ తన వాటాలో ఎక్కువ భాగం లాక్కునేది చివరి మూడు నెలల్లోనే. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఒంట్లో కిలో బరువుకు దాదాపు 75 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. తల్లిపాలలో ఐరన్ చాలా తక్కువ, ఉన్నది మాత్రం బాగా ఒంటబడుతుంది. కాబట్టి పుట్టినప్పటి నిల్వే నాలుగు నుంచి ఆరు నెలల వరకు బిడ్డకు ఆధారం. మెదడు చకచకా పెరిగే కాలమూ అదే. తల్లికి రక్తహీనత తీవ్రంగా ఉంటే బిడ్డ నెల తక్కువలో పుట్టడం, బరువు తగ్గడం, నిల్వ కొరతతో పుట్టడం ఎక్కువ.

కాల్షియం కథ వేరు. చాలామంది అనుకునేది బిడ్డ ఎముకల కోసమని. బిడ్డ అస్థిపంజరానికి సుమారు 30 గ్రాములు కావాలి, నిజమే. తల్లి తినకపోతే బిడ్డ తల్లి ఎముకల నుంచి లాక్కుంటుంది, ఆగదు. మాత్రకున్న అసలు లాభం బీపీలో ఉంది. తిండిలో కాల్షియం తక్కువగా ఉండే మనలాంటి చోట్ల మాత్ర వేసుకుంటే ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భవాతం, వచ్చే ముప్పు తగ్గుతుంది. గర్భవాతం ముదిరితే నెలలు నిండకముందే బిడ్డను బయటికి తియ్యాల్సి వస్తుంది. అట్లా కాల్షియం గోలీ బిడ్డను ఇంకొన్ని వారాలు కడుపులో నిలబెడుతుంది. అయినా మాత్ర వేసుకుంటున్నాం కదా అని తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్క పైభాగంలో నొప్పి, ముఖం ఉబ్బడం లాంటివి పట్టించుకోకుండా ఉండొద్దు. వెంటనే బీపీ చూపించుకోవాలి.

స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి

మందుల షాపులో కొంటుంటే ఇదే కీలకం. ముందువైపు పెద్దక్షరాలు కాదు, వెనక 'ఎలిమెంటల్' అన్న మాట పక్కన ఉన్న అంకె చూడాలి. ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు అంటే అసలు ఐరన్ 60, 65 మధ్య. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో దాదాపు మూడో వంతు ఐరన్. గ్లూకోనేట్‌లో 12 శాతమే. ఫెర్రస్ ఆస్కార్బేట్ స్ట్రిప్ మీద సాధారణంగా ఎలిమెంటల్ ఐరన్ 100 మిల్లీగ్రాములు అనే రాస్తారు.

కాల్షియం దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ. కాల్షియం కార్బొనేట్‌లో 40 శాతమే కాల్షియం. స్ట్రిప్ మీద 'కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు' అని ఉంటే అది 500 మాత్ర. 'కాల్షియం కార్బొనేట్ 500' అని ఉంటే అందులో ఉన్నది 200 మాత్రమే. సిట్రేట్‌లో ఇంకా తక్కువ, 21 శాతం. కార్బొనేట్ అరగడానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లకు సిట్రేట్ నయం, దానికి తిండితో పని లేదు.

ఐరన్, కాల్షియం, జింక్, మెగ్నీషియం, పద్దెనిమిది రకాల విటమిన్లు అన్నీ ఒక్క మాత్రలో పెట్టి అందమైన డబ్బాలో అమ్మేవి ఉన్నాయి. ఒకే మాత్రలో ఐరన్‌నీ కాల్షియంనీ కూర్చోబెట్టడమంటే, ఒకే తలుపులోంచి ఇద్దరిని ఒకేసారి తొయ్యడం. మా ఓటు విడివిడి మాత్రలకే. జన ఔషధి కేంద్రాల్లో ఇవి చవకగా దొరుకుతాయి, దవాఖానాలో ఇచ్చేవైతే ఉచితం. డబ్బా ఖరీదును బట్టి ఐరన్ మారదు.

రోజు ఎలా గడవాలి

గుర్తుంచుకోవాల్సినవి మూడే. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య కనీసం రెండు గంటలు. ఐరన్‌కూ టీ, కాఫీలకూ మధ్య ముందొక గంట, వెనకొక గంట; రెండు గంటలైతే మరీ మంచిది. థైరాయిడ్ మాత్రకూ ఈ రెండింటికీ మధ్య నాలుగు గంటలు.

థైరాయిడ్ లేనివాళ్లకు మేం చెప్పే వేళలు ఇవి. పొద్దున 8.30కి టిఫిన్, ఆ వెంటనే మొదటి కాల్షియం. మధ్యాహ్నం 1.30కి భోజనం, వెంటనే రెండో కాల్షియం. సాయంత్రం టీ తాగాలంటే అప్పుడే. రాత్రి 8 కల్లా భోజనం ముగించి, కడుపు ఖాళీ అయ్యాక 10 గంటలకు ఐరన్. అరచెక్క నిమ్మకాయ పిండిన నీళ్లతో వేసుకుంటే విటమిన్ సి తోడై ఐరన్ ఎక్కువ ఒంటబడుతుంది. మింగిన వెంటనే పడుకోకండి, అరగంట అటూ ఇటూ తిరగండి. మాత్ర గొంతు గొట్టంలో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

ఇక్కడే మన ఇళ్లల్లో ఒక చిక్కు ఉంది. రాత్రి పడుకునే ముందు కుంకుమపువ్వు వేసిన పాలు. పాలు మానమనడం లేదు, వేళ మార్చమంటున్నాం. సాయంత్రం 5కి తాగండి. పాలలోని కాల్షియం ఐరన్‌ను అడ్డుకుంటుంది. ప్రొటీన్ పొడి కలిపిన పాలకూ ఇదే లెక్క. బిడ్డ రంగు సంగతంటారా, అది కుంకుమపువ్వు చేతిలో లేదు.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు హైదరాబాద్‌లో ఇంటికొకరు ఉన్నారేమో అనిపిస్తుంది. వాళ్ల రోజు ఇలా: పొద్దున 6కి మంచినీళ్లతో థైరాయిడ్ మాత్ర. గంట తర్వాత టీ, 8కి టిఫిన్. 11కి ఐరన్, నిమ్మనీళ్లతో. 1.30కి భోజనంతో ఒక కాల్షియం, రాత్రి 8.30కి భోజనంతో ఇంకొకటి. హైటెక్ సిటీలో ఆఫీసుకెళ్లేవాళ్లు 11 గంటల ఐరన్‌ను డెస్కు దగ్గర వేసుకుని, అప్పుడే వచ్చే టీని మాత్రం వదిలేయాలి. టిఫిన్‌తో కాల్షియం మింగితే థైరాయిడ్ మందు సరిగా ఒంటబట్టక, మందు చాలడం లేదని చూపే టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది, డాక్టరు మోతాదు పెంచుతారు, అసలు కారణం ఎవరికీ తట్టదు.

అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం తినేవాళ్లకు అక్కడే గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. అక్కడే ఐరన్ మాత్ర కూడా చేతిలో పెడితే కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చుకుని, రెండు గంటలాగి వేసుకోండి. రంజాన్ నెలలో రోజా ఉండాలనుకునేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఉండొచ్చంటే ఇఫ్తార్ భోజనంతో ఒక కాల్షియం, సహరీతో ఇంకొకటి, నడుమ పడుకునే ముందు ఐరన్.

ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి. మామూలుగా సాగించండి.

కడుపు ఒప్పుకోకపోతే

వాంతి వచ్చేట్టు ఉండటం, నోట్లో ఇనుము రుచి, మలబద్ధకం, నల్లటి మలం. మొదటి పది, పదిహేను రోజులు ఇవి మామూలు. నల్లటి మలం ఒంటబట్టని ఐరన్ రంగు, భయం లేదు. తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చి నీరసం కమ్మితే మాత్రం చూపించుకోండి.

వికారం తట్టుకోలేకపోతే ఖాళీ కడుపు నియమాన్ని వదిలేసి అన్నం తిన్న గంటకు వేసుకోండి. కొంచెం తక్కువ ఒంటబడుతుంది, అసలు మానేసేకన్నా వెయ్యి రెట్లు మేలు. అప్పటికీ కాకపోతే డాక్టరును అడిగి 100 మిల్లీగ్రాముల రకం నుంచి 60కి దిగండి. గ్యాస్ కోసమని ఐరన్‌తో పాటే యాంటాసిడ్ మింగడం మాత్రం రెండింటినీ చెడగొట్టుకోవడమే. మలబద్ధకానికి నీళ్లు, జామపండు, ఆకుకూరలు, నడక. ఇసబ్‌గోల్ వాడితే ఐరన్‌కు రెండు గంటల ఎడం ఉంచండి. సిరప్ తాగేవాళ్లు స్ట్రాతో తాగి నోరు పుక్కిలించాలి, లేదంటే పళ్లు నల్లబడతాయి.

ఇక ఇంట్లో, ఇరుగుపొరుగులో వినిపించేవి. ఐరన్ వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందన్నది అబద్ధం. ఆ నలుపు మలానికే పరిమితం. మాత్రలతో బిడ్డ మరీ పెద్దదై ఆపరేషన్ అవుతుందన్నదీ, కాల్షియంతో బిడ్డ తల గట్టిపడి కాన్పు కష్టమవుతుందన్నదీ అంతే.

నెలనెలా చూడాల్సిన లెక్క

సరిగ్గా వేసుకుంటే నెలకు హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే నాలుగు ప్రశ్నలు. నిజంగా రోజూ వేసుకున్నారా? పాలు, టీ, కాల్షియంతో కలిపారా? మొలల నుంచో మరో చోట నుంచో రక్తం పోతోందా? తలసీమియా లక్షణమో, బి12 లోపమో ఉందా? మాంసాహారం ముట్టనివాళ్లకు బి12 తప్పక చూడాలి. ప్రతి నెల 9న ప్రభుత్వ దవాఖానాల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద డాక్టరు చూసే రోజు ఉంటుంది. పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఆ రోజు వెళ్లండి.

మాత్రలతో పెరగకపోయినా, నెలలు దగ్గరపడ్డాక రక్తహీనత బయటపడినా నరం ద్వారా ఐరన్ ఎక్కిస్తారు. మొదటి మూడు నెలల్లో ఇవ్వరు. ఎంత కావాలో లెక్క ఇది: బరువును, కావాల్సిన హిమోగ్లోబిన్‌కూ ఉన్నదానికీ తేడాతో, ఆపైన 2.4తో గుణించి, నిల్వకు 500 కలపాలి. 50 కిలోల మనిషికి 8 నుంచి 11కి తేవాలంటే 360, దానికి 500 కలిపితే 860 మిల్లీగ్రాములు. ఐరన్ సుక్రోజ్ అయితే 200 చొప్పున రోజు విడిచి రోజు నాలుగైదు సార్లు వెళ్లాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే బరువును బట్టి ఒకే దఫాలో 1000 వరకు ఎక్కించొచ్చు. ఎక్కిస్తున్నప్పుడు సూది దగ్గర మంట, వాపు అనిపిస్తే వెంటనే నర్సుకు చెప్పండి; మందు చర్మం కిందికి కారితే గోధుమరంగు మచ్చ చాలాకాలం పోదు. అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి, అలర్జీ వస్తే ఆ సమయంలోనే బయటపడుతుంది. 7 కంటే తక్కువుంటే ఇంట్లో మాత్రలతో ప్రయోగం వద్దు. చివరి నెలల్లో అయితే ఆసుపత్రిలో చేరాల్సిందే, 5 దిగువకు పోతే రక్తం ఎక్కిస్తారు.

హిమోగ్లోబిన్ బాగున్నవాళ్లు ఇంకా బలం కావాలని సొంతంగా రెండు మూడు మాత్రలు వేసుకోవడం కూడా తప్పే. 13 దాటడం గర్భిణికి ఘనత కాదు. రక్తం పలచబడాల్సినంత పలచబడలేదేమోనని డాక్టర్లు బీపీ, బిడ్డ ఎదుగుదల చూస్తారు.

తిండి విషయంలో రెండు మూడు భ్రమలు

ఎర్రగా ఉంటుంది కాబట్టి బీట్‌రూట్ రసం, దానిమ్మ రసం రక్తం పట్టిస్తాయని రోజూ గ్లాసుల కొద్దీ తాగుతారు. వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా లేదు వాటిలో. తోటకూర పప్పు, మునగాకు, శనగలు, ఉలవలు, గుడ్డు, మాంసం మేలు. ఆకుకూర, పప్పు తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి, ఉసిరి పచ్చడి కలుపుకోండి. మేక కలేజాలో ఐరన్ దండిగా ఉంటుంది, కానీ విటమిన్ ఎ కూడా మితిమీరి ఉంటుంది. మొదటి మూడు నెలలు జోలికి పోకండి, తర్వాత కూడా తరచుగా వద్దు.

ఎముకల బలానికని పాయా తాగిస్తారు. ఎముకలు ఎంత ఉడికినా షోర్వాలోకి దిగే కాల్షియం కొద్దిపాటిదే. 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు. వంద గ్రాముల రాగుల్లో 364 అని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలు చెప్తున్నాయి. రాగిజావ మంచిదే, ఐరన్ మాత్రతో మాత్రం కాదు, రాగుల్లోని ఫైటేట్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి.

బలపం, మట్టి, పచ్చి బియ్యం, ఐసు ముక్కలు తినాలనిపిస్తోందా? అది చాలాసార్లు ఐరన్ లోపం పెట్టే ఆశ. తిట్టి మాన్పించేది కాదు, సీబీపీ చేయించేది. మట్టిలో, బలపంలో సీసం ఉండొచ్చు. సీసం మాయను దాటి నేరుగా బిడ్డ మెదడుకు చేరుతుంది. అందుకే మూలం తెలియని భస్మాలు, లేహ్యాలు వద్దు. పాతబస్తీ దుకాణాల్లో విడిగా అమ్మే సుర్మాలో సీసమే ప్రధానం కావచ్చు. తల్లి కంటికీ వద్దు, పుట్టిన బిడ్డ కంటికీ వద్దు.

అయోడిన్, తక్కినవి

గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లోపం ఎక్కువైతే బిడ్డ మెదడు, వినికిడి దెబ్బతింటాయి. మన దేశంలో అయోడిన్ ఉప్పు కొనేవాళ్ల చేతికి వచ్చేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి. పొయ్యి పక్కన మూతలేని డబ్బాలో పెడితే అదీ ఎగిరిపోతుంది. మూత గట్టిగా పెట్టండి, కూర దించే ముందు ఉప్పు వేయండి. ఆరోగ్యమని గులాబీ ఉప్పు, సైంధవ లవణం మీదికి మారకండి, అయోడిన్ కలిపిందని ప్యాకెట్ మీద ఉంటే తప్ప. పాలు, గుడ్లు, చేపల నుంచి మిగతాది వస్తుంది. సముద్రపు నాచు మాత్రలు మాత్రం వద్దు. అయోడిన్ అతిగా పోయినా బిడ్డ థైరాయిడ్ మందగిస్తుంది.

జింక్ మాత్రలు గర్భిణులందరికీ మామూలుగా అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడం లేదు. మెగ్నీషియం కాళ్ల తిమ్మిర్లకు రాస్తే వేసుకోండి, లేదంటే అక్కర్లేదు. కాల్షియం మాత్రం తిండి, మాత్రలు, గ్యాస్ కోసం నమిలే యాంటాసిడ్లు అన్నీ కలిపి 2500 మిల్లీగ్రాములు దాటనివ్వకండి. తల్లి రక్తంలో కాల్షియం మరీ పెరిగితే రక్తంలో కాల్షియంను అదుపులో ఉంచే బిడ్డ పారాథైరాయిడ్ గ్రంథి కడుపులోనే నిద్రపోతుంది. పుట్టి బొడ్డుతాడు తెగాక బిడ్డకు కాల్షియం ఒక్కసారిగా పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. తల్లికి విటమిన్ డి బాగా తక్కువున్నా ఇదే జరగొచ్చు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ముందే చెప్పాలి.

పుట్టింటికి బయల్దేరేటప్పుడు

తొలికాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పోవడం ఆనవాయితీ. సీమంతం చీరలు, గాజులు అన్నీ సర్దుతారు, మాత్రలు నగరంలోనే ఉండిపోతాయి. అక్కడి ఏఎన్ఎం దగ్గర పేరు ఎక్కి మళ్లీ మాత్రలు చేతికొచ్చేసరికి నెల గడుస్తుంది. బిడ్డ ఐరన్ నిల్వ నింపుకునే నెల అదే. బయల్దేరే ముందే మూడు నెలలకు సరిపడా ఐరన్ 90 (రెండేసి వేసుకునేవాళ్లు 180), కాల్షియం 180 తీసిపెట్టుకోండి. తల్లీబిడ్డల రక్షణ కార్డు, పాత సీబీపీలు అదే సంచిలో పెట్టండి.

కాన్పు గదిలో, ఆ తర్వాత

బొడ్డుతాడును బిడ్డ పుట్టగానే కత్తిరించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆపితే మాయలోని 80, 100 మిల్లీలీటర్ల దాకా రక్తం బిడ్డలోకి చేరుతుంది. ఆ రక్తంతో వెళ్లే ఐరన్ నెలల తరబడి పనికొస్తుంది. బిడ్డ ఏడవకుండా, ఊపిరి అందక ఉంటే ఆపరు, అది సరైనదే. తొమ్మిదో నెల చెకప్‌లోనే డాక్టరుతో ఈ మాట అనేసి ఉంచండి, నొప్పుల మధ్య అడగలేరు. పుట్టిన 48 నుంచి 72 గంటల మధ్య మడమ నుంచి రక్తపు చుక్క తీసి థైరాయిడ్ పరీక్ష చేస్తారా అని కూడా అడగండి. అన్నిచోట్లా దానంతటది చేయరు.

బాలింత పథ్యం పేరుతో ఆకుకూరలు, పెరుగు, గుడ్లు మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పథ్యం ఎట్లాగో తప్పదంటే మాత్రలైనా ఆపకండి. కాన్పులో పోయిన రక్తం తిరిగి పట్టాలి గనుక ఐరన్ 180 రోజులు, కాల్షియం ఆరు నెలలు.

బిడ్డకు ఆరు నెలల వరకు తల్లిపాలే. డాక్టరు చెప్పే విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు తప్ప వస, తేనె, నీళ్లు ఏవీ వద్దు. నెలలు నిండి మంచి బరువుతో పుట్టిన బిడ్డకు ఆరు నెలల నుంచి ఐరన్ సిరప్, ఒక మిల్లీలీటరు, వారానికి రెండుసార్లు. అందులో 20 మిల్లీగ్రాములు. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుడితే నిల్వ త్వరగా అయిపోతుంది కాబట్టి రెండో నెల నుంచే పిల్లల డాక్టరు బరువును బట్టి చుక్కలు మొదలుపెడతారు. ఏడాది నిండేదాకా ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారంగా పట్టకండి. వాటిలో ఐరన్ అతి తక్కువ, పైగా పేగులో కొద్దికొద్దిగా రక్తం కారేలా చేస్తాయి.

ఇంట్లో పెద్దబిడ్డ ఉంటే ఎర్ర గోలీలు అలమారాలో పైన, తాళం వేసి పెట్టండి. పైన చక్కెర పూత ఉంటుంది, పిల్లలకు చాక్లెట్ గోలీలాగే కనిపిస్తుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు దాటితే విషలక్షణాలు మొదలవుతాయి, 60 దాటితే ప్రాణాపాయం. పది కిలోల పిల్లవాడికి పది మాత్రలంటే సరిగ్గా అరవై. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం వద్దు. మొదట వాంతులై తర్వాత తేరుకున్నట్టు కనిపించినా నమ్మొద్దు, కొన్ని గంటల తర్వాత పరిస్థితి మళ్లీ విషమించొచ్చు. 108కి ఫోన్ చేసి నిలోఫర్‌కో, దగ్గరున్న పెద్ద పిల్లల ఆసుపత్రికో వెళ్లండి. ఖాళీ స్ట్రిప్ చేత్తో పట్టుకెళ్లండి, ఎన్ని గూళ్లు చిరిగాయో లెక్కపెట్టే డాక్టరు వైద్యం మొదలుపెడతారు.